శుశ్రూష, శిక్ష: జొన్నగిరి పరిసర అశోక శాసనాల వెలుగులో మొండిబిడ్డ పెంపకం

వ్యాససంగ్రహం

కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని జొన్నగిరికి సమీపాన, ఎర్రగుడి కొండబండలపై ఉన్న అశోకుని శాసనాలు తల్లిదండ్రుల పట్ల శుశ్రూష చూపాలని ఆదేశిస్తాయి. ఈ మాటను విధేయత అని అనువదించడం పరిపాటి. ఆ అనువాదం ఆధారంగా, బిడ్డను లొంగదీయడమే మన సంప్రదాయమనే అభిప్రాయం కూడా స్థిరపడింది. శుశ్రూష సన్నంతరూపమని, 'వినాలనే కోరిక' దాని మూలార్థమని, ఆ అర్థం శాసనాల్లోనే సజీవంగా ఉందని ఈ వ్యాసం నిరూపిస్తుంది. కోరికను దెబ్బతో పుట్టించలేము. మృదుత్వం, నిలకడ అనే రెండు సాధనాలను అశోకుడు తన అధికారులకు సూచించాడు. ఆ సూచనలు, వాటికి వాడిన దాది ఉపమానం మొండిబిడ్డ పెంపకం గురించిన చర్చకు చారిత్రకాధారాలుగా ఎలా ఉపకరిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జొన్నగిరి, ఎర్రగుడి, అశోకుడు, శుశ్రూష, శిక్ష, నిఝతి, దాది, పట్టు, సుగ్గి వలస.

1. ఉపోద్ఘాతం

రెండేళ్ళ బిడ్డ ఒకదాని కోసం పట్టుబట్టి నేలమీద పడి ఏడుస్తున్నప్పుడు ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. పసిబిడ్డ, పోనీ అనేది ఒకటి. ఇప్పుడు వంచకపోతే ఇంకెప్పుడు వంగుతాడు అనేది రెండోది. రెండో మాట అనేవారు సంప్రదాయాన్ని సాక్ష్యంగా పిలుస్తారు. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెత వారి నోట వెంటనే వస్తుంది. దండానికి పది గుణాలున్నాయని చెప్పే సంస్కృత చాటుశ్లోకాన్ని కూడా గుర్తుచేస్తారు.

ఆ సాక్ష్యాలను నిలబెట్టి విచారిస్తే వేరే సంగతి బయటపడుతుంది. దండం ఉపయోగపడే పది సందర్భాలుగా ఆ శ్లోకం పేర్కొన్నవి పక్షులు, కుక్కలు, శత్రువులు, పాములు, పశువులు, బురద, నీరు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. ఆ జాబితాలో బిడ్డలు లేరు. చాణక్యుని పేర ప్రచారంలో ఉన్న మరో నీతిశ్లోకం కొట్టడాన్ని అనుమతించే మాట నిజమే కాని, అదైనా మొదటి ఐదేళ్ళూ లాలించమనే చెబుతుంది. వంగని మొక్క సామెత వంచడం గురించి మాట్లాడింది, విరచడం గురించి కాదు. ఎండుపుల్లను వంచినట్టు లేతమొక్కను వంచే తోటమాలి ఎక్కడా ఉండడు.

ఈ విచారణకు నేడు ఒక ప్రత్యేకమైన అవసరం ఉంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారతదేశం 1992లో ఆమోదించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. స్వీడన్ 1979లోనే ఇంటిలోని దండనను సైతం చట్టం ద్వారా నిషేధించింది. మన దేశంలో ఆ 17వ సెక్షన్ బడి గడప వద్దనే ఆగిపోతుంది. ఇంకా బడికి వెళ్ళని పసిబిడ్డ విషయంలో ఇంటివారు చట్టం మాటకంటే పెద్దల మాటనే ప్రమాణంగా తీసుకుంటారు. కాబట్టి ఆ పెద్దల మాట నిజంగా ఏమి చెప్పిందో తేల్చుకోవడం సాహిత్యవిద్యార్థి బాధ్యతల్లో ఒకటి. తెలుగునేలపై లభించిన అతిప్రాచీన లిఖితాధారాల్లో ఎర్రగుడి శాసనాలు ఉన్నాయి. తల్లిదండ్రులకూ బిడ్డలకూ గల సంబంధాన్ని గురించి అవి ఏమంటున్నాయో ఇక్కడ పరిశీలిద్దాం.

2. జొన్నగిరి, ఎర్రగుడి: శాసనక్షేత్రం

జొన్నగిరి తుగ్గలి మండలంలోని గ్రామం. తొలకరి వానలు పడగానే వజ్రాల కోసం జనం పొలాల్లో వెదికే ఊరుగా, బంగారు నిక్షేపాలున్న ఊరుగా అది నేడు ప్రసిద్ధం. ఆ బంగారమే దానిని మౌర్యుల చరిత్రతో ముడివేసింది. కర్ణాటకలోని బ్రహ్మగిరి, సిద్దాపుర లఘుశాసనాలు సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడు, మహామాత్రులు ఇసిలలోని మహామాత్రులకు పంపిన వర్తమానంగా మొదలవుతాయి. మౌర్యుల దక్షిణరాజ్య కేంద్రమైన ఆ సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు గుర్తించారు. మస్కి, కనకగిరి ప్రాంతాల వైపు మొగ్గినవారూ ఉన్నారు. ఏ పక్షాన్ని అంగీకరించినా ఆ వర్తమానపు తీరు గమనింపదగినది. అది ఆజ్ఞతో మొదలుకాదు. ముందుగా అవతలివారి ఆరోగ్యాన్ని అడిగి, ఆ తరువాతనే చెప్పవలసింది చెబుతుంది.

జొన్నగిరికి చేరువలో, గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి కొండబండలపై ఉన్న శాసనాలను అనుఘోష్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1920ల చివరలో గుర్తించాడు. బ్రాహ్మీలిపిలో, ప్రాకృతభాషలో ఉన్న ఈ శాసనాల్లో అశోకుని 14 ప్రధాన శిలాశాసనాలు, 2 లఘుశిలాశాసనాలు ఉన్నాయి. ఈ రెండు తరగతుల శాసనాలూ ఒకేచోట ఉండటం ఈ క్షేత్రం విశిష్టత. లఘుశాసనంలోని కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, మరికొన్ని కుడినుంచి ఎడమకూ సాగడం లిపిశాస్త్రజ్ఞులను ఎంతో ఆకర్షించింది. పత్తికొండ సమీపంలోని రాజులమందగిరిలోనూ లఘుశాసనం ఉంది. అంటే క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈ సీమ ప్రజలకు ఒకే సందేశాన్ని ఒకచోట కాకపోతే మరొకచోట వినే వీలుండేది.

ఇక్కడ అధ్యయనపద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. అశోకుని శాసనాలు శిశుపోషణ గ్రంథాలు కావు. అవి పాలకుడు అధికారులకూ ప్రజలకూ చేసిన ప్రకటనలు. వాటిలో బిడ్డ, తండ్రి, దాది ఎక్కువగా ఉపమానాలుగా కనిపిస్తారు. అయితే ఆలంకారికుల దృష్టిలో ఉపమానం ఉపమేయం కంటే ప్రసిద్ధమై ఉండాలి. వినేవారికి ముందే తెలిసినదాన్ని చూపినప్పుడే తెలియనిది బోధపడుతుంది. కాబట్టి, మంచి అధికారి ఎలా ఉండాలో చెప్పడానికి మంచి దాదిని చూపారంటే, మంచి దాది ఎలా ఉంటుందో ఆనాటి సమాజానికి తెలుసునన్నమాట. ఉపమేయం రాజ్యచరిత్రకు ఆధారమైతే, ఉపమానం గృహచరిత్రకు ఆధారం. ఈ వ్యాసం రెండోదాన్ని అనుసరిస్తుంది.

3. సుసుసా: వినాలనే కోరిక

ఎర్రగుడి రెండో లఘుశాసనంలో రాజాజ్ఞ ముందుగా రజ్జుకుడనే అధికారికి చేరుతుంది. అతని ద్వారా జానపదులకు, రఠికులకు అందుతుంది. ఆజ్ఞలోని అంశాలు సరళమైనవి. తల్లిదండ్రుల పట్ల శుశ్రూష చూపాలి. గురువుల పట్ల కూడా అలాగే ఉండాలి. ప్రాణుల మీద దయ చూపాలి. సత్యం పలకాలి. ఆ తరువాత మావటివారు, లేఖకులు, రథచోదకులు, బ్రాహ్మణులు తమ శిష్యులకు ఈ ప్రాచీన పద్ధతిని బోధించాలని శాసనం చెబుతుంది.

తల్లిదండ్రుల విషయంలో శాసనం వాడిన క్రియారూపం 'సుసుసితవియే'. సంస్కృతంలో ఇది 'శుశ్రూషితవ్యం'. నామరూపం శాసనాన్ని బట్టి సుసుసా, సుస్రుసా, సుశ్రుష అని మారుతుంది. వినడం అనే అర్థం గల 'శ్రు' ధాతువుకు ఇచ్ఛార్థంలో 'సన్' ప్రత్యయం చేరగా ఏర్పడిన రూపమిది. జిజ్ఞాస తెలుసుకోవాలనే కోరిక. పిపాస తాగాలనే కోరిక. ఆ వరుసలోనే శుశ్రూష వినాలనే కోరిక. కాలక్రమంలో అది వినయం, సేవ, పరిచర్య అనే అర్థాలకు విస్తరించింది. నేటి తెలుగులో రోగికి చేసే సేవ వరకు వచ్చింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. అశోకుని కాలానికే ఆ మాట సేవ, విధేయత అనే రూఢ్యర్థంలో స్థిరపడి ఉండవచ్చు కదా, వ్యుత్పత్తిని పట్టుకొని అర్థం నిర్ణయించడం సరికాదు కదా అని అడగవచ్చు. దీనికి జవాబు అదే ఎర్రగుడి బండల మీద ఉంది. 12వ ప్రధానశాసనంలో భిన్నమతాలవారు ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని, వినగోరాలని అశోకుడు చెప్పాడు. వినడం, వినగోరడం అనే రెండు క్రియలు ఒకే ధాతువునుంచి, ఒకదాని పక్కన ఒకటిగా అక్కడ ప్రయోగించబడ్డాయి. రెండోదానికి విధేయత అనే అర్థం అక్కడ పొసగదు. ఒక మతంవారు మరొక మతానికి విధేయులు కావాలని ఆ శాసనం కోరడం లేదు. 10వ శాసనంలోనూ ప్రజల్లో ధర్మశుశ్రూష పెరగడమే తనకు నిజమైన యశస్సు అన్నప్పుడు, ధర్మాన్ని వినాలనే ఆసక్తి అనే భావమే ప్రధానం. కాబట్టి తల్లిదండ్రుల పట్ల శుశ్రూష అన్నచోట కూడా ఆ ధ్వనిని విస్మరించలేము.

తెలుగు నుడికారం ఈ అర్థానికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది. మనం బిడ్డ ఆజ్ఞాపాలన చేయడం లేదని అనము, మాట వినడం లేదని అంటాము. విధేయతను చెవికి సంబంధించిన పనిగానే తెలుగు భావించింది. అయితే ఇక్కడొక చిక్కుంది. వినమని ఆజ్ఞాపించవచ్చు. వినాలని కోరుకోమని ఎలా ఆజ్ఞాపించగలం? భయపడిన బిడ్డ చేస్తున్న పని ఆపుతుంది. అది వినడం కాదు, ఆగడం. ఆ భయం ఎదురుగా లేనప్పుడు ఆ ఆగడమూ ఉండదు. శుశ్రూషను విధిగా చెప్పిన పాలకుడికి ఈ చిక్కు తెలుసా అనేదే అసలు ప్రశ్న. తెలుసుననడానికి అతని ఇతర శాసనాల్లో ఆధారాలున్నాయి. వాటిని చూసేముందు, తెలుగు తన సొంత మాటల్లో ఈ చిక్కును ఎలా దాచుకున్నదో గమనించాలి.

4. శిక్ష, మొండి, పట్టు: మాటల ప్రయాణం

శుశ్రూషకు తోడబుట్టినట్టి మరో మాట శిక్ష. ధాతుపాఠం దీనిని విద్యను స్వీకరించడం అనే అర్థం గల స్వతంత్రధాతువుగా లెక్కించింది. చారిత్రక వ్యాకర్తలు దీనిని సామర్థ్యార్థకమైన 'శక్' ధాతువు సన్నంతరూపంగా వివరిస్తారు. ఆ వివరణ ప్రకారం శిక్ష అంటే చేయగలగాలనే కోరిక. ఉచ్చారణను నేర్పే వేదాంగం పేరు శిక్ష. తైత్తిరీయోపనిషత్తులో తల్లిని, తండ్రిని దైవాలుగా భావించమనే ఉపదేశం ఉన్న భాగం పేరు శిక్షావల్లి. ఆ ఉపదేశం చదువు ముగించి వెళ్ళే శిష్యునికి చేసినది. ఇంకా మాటలు కూడని పసిబిడ్డకు చేసినది కాదు.

తెలుగులో శిక్ష అనగానే నేడు జైలు, జరిమానా, బెత్తం గుర్తుకు వస్తాయి. వినాలనే కోరిక సేవగా మారింది. చేయగలగాలనే కోరిక దండనగా మారింది. రెండు మాటల ప్రయాణంలోనూ జారిపోయినది ఒకటే: కోరిక. నేర్చుకునేవారి ఇచ్ఛను సూచించిన మాటలు క్రమంగా నేర్పేవారి అధికారాన్ని సూచించే మాటలయ్యాయి. చలం తన పుస్తకానికి 'బిడ్డల శిక్షణ' అని పేరు పెట్టి, అందులో బిడ్డలను కొట్టడాన్నీ భయపెట్టడాన్నీ తీవ్రంగా వ్యతిరేకించినప్పుడు, శిక్షణను శిక్ష నుంచి విడదీసే పనికి పూనుకున్నాడు. భాషాచరిత్ర దృష్టితో చూస్తే అది కొత్త అర్థాన్ని తేవడం కాదు, పాత అర్థాన్ని తిరిగి తేవడం.

పసిబిడ్డ స్వభావానికి తెలుగు పెట్టిన పేర్లు కూడా పరిశీలింపదగినవి. మొండి, మంకు, పెంకి, మారాం, పేచీ, హఠం, పట్టు అన్నీ వాడుకలో ఉన్నవే. వీటిలో మొండి అనే మాట లోపాన్ని చెబుతుంది. మొండిచేయి, మొండిగోడ, మొండికత్తి అన్నప్పుడు ఉండవలసింది లేకపోవడమే అర్థం. మొండిబిడ్డ అన్నప్పుడు బిడ్డలో ఏదో తెగిపోయినట్టు, లేనట్టు భావిస్తున్నాం. పట్టు అనే మాట అలా కాదు. అది ఉన్న బలాన్ని చెబుతుంది. పసివాడు పట్టుబట్టాడు అని విసుక్కునే నోరే, ఇరవై ఏళ్ళ తరువాత అతనికి పట్టుదల ఉందని మెచ్చుకుంటుంది. ఒకే ధాతువు ఒక వయస్సులో దోషంగా, మరొక వయస్సులో గుణంగా లెక్కకు వస్తోంది.

ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రకటించిన సిద్ధాంతంలో శిశువికాసపు రెండో దశను, అంటే సుమారు ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ వరకు గల కాలాన్ని, స్వతంత్రతకూ సిగ్గు, సందేహాలకూ మధ్య జరిగే సంఘర్షణగా వివరించాడు. నడక వచ్చి, 'వద్దు', 'నేనే' అనే మాటలు వచ్చిన బిడ్డ తన ఇచ్ఛను మొదటిసారి పరీక్షించుకుంటున్న కాలమది. తెలుగు 'పట్టు' అన్నది ఆ దశకే. ఆ పట్టును విరిచివేసి, తరువాత పట్టుదలను ఆశించడం సాధ్యం కాదు.

5. నియమం కంటే నిఝతి

ఎర్రగుడి శాసనాలు వెలసిన చాలాకాలం తరువాత, తన పట్టాభిషేకానంతరం 27వ ఏట అశోకుడు ఏడో స్తంభశాసనాన్ని వేయించాడు. అది నేడు ఢిల్లీ-తోప్రా స్తంభంపై ఉంది. తన పాలనానుభవాన్ని సమీక్షించుకున్న ఆ శాసనంలో, ధర్మం రెండు విధాలుగా పెరిగిందని ఆయన చెప్పాడు. ఒకటి ధర్మనియమం, రెండోది నిఝతి. కొన్ని ప్రాణులను చంపరాదని విధించడం వంటివి నియమాలు. నియమం వల్ల కలిగిన ఫలం స్వల్పమని, నిఝతి వల్ల కలిగిన ఫలమే అధికమని ఆయన నిర్ణయం. సర్వాధికారాలూ గల చక్రవర్తి తన ఆజ్ఞలకున్న పరిమితిని తానే రాతిపై చెక్కించుకోవడం చరిత్రలో అరుదైన విషయం.

నిఝతి అనే ప్రాకృతపదానికి మూలం ధ్యానార్థక ధాతువు. ఆలోచింపజేయడం, మనసుకు పట్టేలా చేయడం అని అర్థం. తెలుగులో దీనికి సరితూగే మాట నచ్చజెప్పడం. నచ్చేటట్టు చెప్పడం అనే ఈ సమాసంలో వినేవారి ఇష్టం ముందుంది, చెప్పేవారి మాట వెనుక ఉంది. శుశ్రూష అనే కోరికను పుట్టించే సాధనం ఇదే. వినమనే విధి ఎర్రగుడిలో ఉంటే, వినాలనిపించే ఉపాయం ఢిల్లీ-తోప్రా స్తంభంపై ఉంది.

నచ్చజెప్పేవాడు ఎలా ఉండాలో ప్రత్యేక కళింగశాసనాలు చెబుతాయి. మనుషులందరూ నా బిడ్డలే అని అశోకుడు చెప్పినది వీటిలోనే. ఇవి ధౌళి, జౌగడలలో ఉన్నాయి. వీటి పాఠం కర్ణాటకలో భీమానదీతీరాన ఉన్న సన్నతిలోనూ 1980లలో బయటపడింది. కాబట్టి ఈ సందేశం కళింగానికే పరిమితం కాదు, దక్కనులోనూ ప్రకటితమైంది. న్యాయాధికారులు మధ్యస్థంగా ఉండకుండా అడ్డుపడే దోషాలను ఆ శాసనం వరుసగా పేర్కొంది. అవి అసూయ, త్వరగా కోపం తెచ్చుకోవడం, నిష్ఠురత్వం, తొందర, అభ్యాసలోపం, బద్ధకం, అలసట. వీటన్నిటినీ తప్పించుకోవడానికి మూలం రెండింటిలో ఉన్నదని చెప్పింది: కోపం తెచ్చుకోకపోవడం, తొందరపడకపోవడం.

బిడ్డపై చేయి ఎత్తిన సందర్భాలను పరిశీలిస్తే ఈ జాబితాలోని మూడు నాలుగు దోషాలు కలిసే కనిపిస్తాయి. పనికి ఆలస్యమవుతుంది, కనుక తొందర. రాత్రి నిద్ర లేదు, కనుక అలసట. నలుగురిలో బిడ్డ పరువు తీసింది, కనుక కోపం. దెబ్బకు కారణం బిడ్డ తప్పులో కంటే పెద్దవారి స్థితిలోనే ఎక్కువగా ఉంటుంది. అలసటను ఒక పాలనాదోషంగా గుర్తించడం ఆ శాసనకర్త లోకజ్ఞతకు నిదర్శనం. అలసిన తల్లిని నిందించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆమె అలసట తీరే ఏర్పాటు లేకుండా మృదుత్వాన్ని బోధించడం వ్యర్థమని గ్రహించాలి.

6. పునరుక్తి, సమత: నిలకడ

మృదుత్వం అంటే హద్దు లేకపోవడం కాదు. డయానా బౌమ్రిండ్ 1960లలో పెంపకపు తీరులను నిరంకుశం, అతిస్వేచ్ఛ, ఆప్యాయతతో కూడిన దృఢత్వం అని మూడుగా విభజించింది. ఆమె మూడోదాన్నే సమర్థించింది. అశోకుని శాసనాల్లోనూ ఈ మూడో మార్గానికి చేరువైన భావన ఉంది. 13వ శాసనంలో క్షమింపదగినదాన్ని క్షమిస్తానంటూనే, తనకు శక్తి కూడా ఉన్నదని అటవికులను హెచ్చరించాడు. నాలుగో స్తంభశాసనంలో మరణశిక్షను రద్దు చేయలేదు, మూడురోజుల గడువు మాత్రమే ఇచ్చాడు. ఆయనను పూర్తి అహింసావాదిగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. ఆయన నుంచి మనం గ్రహించదగినది హద్దును నిలిపే తీరు.

ఆ తీరులో మొదటి అంశం పునరుక్తి. 14వ ప్రధానశాసనంలో కొన్ని విషయాలను మళ్ళీమళ్ళీ చెప్పడానికి కారణం వాటి మాధుర్యమని, ప్రజలు ఆ విధంగా నడుచుకోవాలని ఉద్దేశమని అశోకుడు వివరించాడు. ఎన్నిసార్లు చెప్పాలి అనేది విసుగు చెందిన పెద్దల ప్రశ్న. చెప్పినదే చెప్పడం పసిబిడ్డ విషయంలో వైఫల్యం కాదు, అదే పద్ధతి. ఒకే కథను పదిసార్లు అడిగే వయస్సు అది. ఒకే హద్దును పదిసార్లు పరీక్షించే వయస్సూ అదే. ప్రత్యేక కళింగశాసనాన్ని తిష్యనక్షత్రం రోజున చదివి వినిపించాలని, మధ్య రోజుల్లోనూ వినిపించాలని, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలని ఆదేశముంది. ఆ ఒక్కరికీ అదే మాట, అదే స్వరంతో చెప్పడం నిలకడ.

రెండో అంశం సమత. నాలుగో స్తంభశాసనం వ్యవహారంలో సమత, దండంలో సమత ఉండాలని కోరింది. ఒకే పనికి ఒక రోజు ఒక ఫలం, మరొక రోజు వేరొక ఫలం ఉండరాదన్నమాట. పొయ్యి దగ్గరికి పోయే బిడ్డను ప్రతిసారీ ఎత్తి పక్కకు తెచ్చి, వేడి అని అదే మాట చెప్పే ఇంట్లో ఆ హద్దు కొన్ని వారాల్లో బిడ్డకు తెలుస్తుంది. ఒక రోజు నవ్వి, ఒక రోజు కసిరి, మరొక రోజు కొట్టే ఇంట్లో బిడ్డ నేర్చుకునేది పొయ్యి గురించి కాదు, అమ్మానాన్నల మనఃస్థితి గురించి. తల్లి కాదన్న ఫోను తండ్రి ఇస్తే, పొద్దున కాదన్నది మాపటికి ఏడుపుకు లొంగి ఔనంటే, బిడ్డ పట్టు పెరగడం సహజం. అది మొండితనం కాదు. తప్పక ఫలించే ఉపాయాన్ని బిడ్డ గ్రహించడమే.

మందలించవలసి వచ్చినప్పుడు ఏం చేయాలనే దానికీ 12వ శాసనం ఒక కొలత ఇచ్చింది. అక్కడి సందర్భం మతాల పరస్పరవిమర్శ. సందర్భం లేకుండా విమర్శించరాదు, సందర్భం ఉన్నా లఘువుగానే ఉండాలి అని దాని సారాంశం. వాగ్గుప్తి, అంటే నోటిని అదుపులో ఉంచుకోవడం, దానికి మూలమని చెప్పింది. బిడ్డను అదుపులో పెట్టే ముందు నోటిని అదుపులో పెట్టడం అనే క్రమం ఇందులో ఉంది.

7. యశోద చేతి కర్ర

శాసనాల్లో సూత్రంగా ఉన్నది పురాణంలో దృశ్యంగా కనిపిస్తుంది. భాగవత దశమస్కంధంలోని ఉలూఖలబంధన ఘట్టాన్ని పోతన ద్వారా తెలుగువారు తరతరాలుగా విన్నారు. మాట వినని బిడ్డ కథల్లో దీనిని మించి ప్రచారం పొందినది మన సాహిత్యంలో మరొకటి కనిపించదు. దానికి భక్తిపరమైన వ్యాఖ్యానాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ గృహదృశ్యంగా మాత్రమే చూద్దాం.

సంస్కృతమూలంలో యశోద కర్ర పట్టుకొని కృష్ణుని వెంటపడుతుంది. పట్టుకున్న తరువాత బిడ్డ భయపడ్డాడని గ్రహించి కర్రను పారవేస్తుంది. అయితే కర్రతోపాటు హద్దును పారవేయదు. రోటికి కట్టాలని పూనుకుంటుంది. తాడు ప్రతిసారీ రెండంగుళాలు తక్కువవుతుంది. ఎన్ని తాళ్ళు కలిపినా చాలదు. తల్లి చెమటలు పట్టి అలసిపోవడం చూసి బిడ్డ తానే కట్టుబడతాడు. బిడ్డను కట్టడం నేటి తల్లికి ఆదర్శం కాదు. ఆ ఘట్టంలోని క్రమమే ప్రధానం. భయాన్ని చూడగానే కర్ర పోయింది, హద్దు నిలిచింది, చివరకు తాడు పొడవు కాక బిడ్డ సమ్మతి పనిచేసింది. ఆ చాలని రెండంగుళాలే శుశ్రూషలోని కోరిక. దానిని బయటనుంచి ఎవరూ పూరించలేరు.

8. వియత ధాతి: సుగ్గి పల్లెల్లో బిడ్డ ఎవరి చేతిలో?

నాలుగో స్తంభశాసనం రజ్జుకులను గురించి చెబుతూ దాది ఉపమానాన్ని వాడింది. ఎర్రగుడి లఘుశాసనంలో ఆజ్ఞను అందుకున్న అధికారి కూడా రజ్జుకుడే. బిడ్డను సమర్థురాలైన దాదికి అప్పగించి, ఆమె నా బిడ్డను సుఖంగా చూసుకుంటుందని తండ్రి నిశ్చింతగా ఉన్నట్టే, జానపదుల హితసుఖాల కోసం తాను రజ్జుకులను నియమించానని అశోకుడు అన్నాడు. ఆ దాదికి ఇచ్చిన విశేషణం 'వియత'. నేర్పు గలది, వ్యక్తమైన సామర్థ్యం గలది అని భావం. మంచి దాదికి గుర్తు బిడ్డను లొంగదీయడం కాదు, సుఖంగా ఉంచడం. ఆమె పని మంచిదని తెలిపే లక్షణం కన్నవారి నిశ్చింత.

ఈ ఉపమానం పశ్చిమ కర్నూలులో నేడు ఉపమానంగా మిగలలేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల పల్లెల్లో వానలు మోసగించినప్పుడు, పంట చేతికి రానప్పుడు కుటుంబాలు పనికోసం వలసపోతాయి. దీనినే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. గుంటూరు వైపు మిరపకోతకు, తెలంగాణలో పత్తి తీతకు, బెంగళూరు, హైదరాబాదు నగరాల్లో కట్టడపు పనులకు వెళ్ళడం ఏటా జరిగేదే. బడి వయస్సు పిల్లల కోసం వలసకాలపు వసతిగృహాలు నడుపుతారు. రెండేళ్ళ బిడ్డకు ఆ దారి లేదు. ఆ బిడ్డ తల్లితోపాటు చేనిగట్టుకు వెళ్తుంది, లేదా ఊళ్ళో అవ్వ దగ్గర ఆగిపోతుంది.

నిలకడగల పెంపకమనే మాటకు ఇక్కడ అర్థం మారుతుంది. నిలకడ తల్లి స్వభావంలో ఉంటే చాలదు, బిడ్డను పట్టుకున్న చేతుల్లో ఉండాలి. ఆ చేతులు ఏటా మారుతున్నప్పుడు హద్దులూ మారతాయి. సుగ్గి నుంచి తిరిగివచ్చిన అమ్మను గుర్తుపట్టడానికి కొన్నాళ్ళు తీసుకునే బిడ్డ, ఆ కొన్నాళ్ళూ పట్టుబడుతుంది, పేచీ పెడుతుంది. దానిని మొండితనమని పిలిచి దండిస్తే, విడిపోయిన బాధకు శిక్ష వేసినట్టవుతుంది. అవ్వ చెప్పిన మాటే అమ్మా చెప్పగలిగితే, వెళ్ళేముందు అమ్మ అవ్వకు బిడ్డ అలవాట్లు, హద్దులు, నిద్రవేళలు చెప్పి అప్పగించగలిగితే, ఇద్దరి మధ్య కొంత సమత నిలుస్తుంది.

ఇది కుటుంబాలపై మాత్రమే వేయదగిన భారం కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా అంగన్‌వాడీ కార్యకర్త పల్లెకు దాదిగా వచ్చింది. మూడేళ్ళు నిండిన పిల్లలకు అక్కడ ఆటపాటలతో పూర్వప్రాథమిక విద్య అందుతుంది. రెండేళ్ళ బిడ్డకు పగలంతా నిలకడగా చూసుకునే చోటు కావాలి. పట్టు పుట్టే వయస్సు అదే కాబట్టి దాది అవసరం ఎక్కువగా ఉన్నదీ అప్పుడే. ఐదో ప్రధానశాసనంలో అశోకుడు ధర్మమహామాత్రులకు అప్పగించిన పనుల్లో, బంధితులైనవారిపై ఆధారపడిన బిడ్డలున్నారా అని చూసి అటువంటివారికి సాయపడటం కూడా ఒకటి. తల్లిదండ్రుల కష్టాన్ని లెక్కించేటప్పుడు వెనుక ఉన్న బిడ్డను కూడా లెక్కించాలనే ఆ దృష్టి ఎర్రగుడి బండపైనే ఉంది.

9. ముగింపు

ఎర్రగుడి శాసనాలు బిడ్డల నుంచి శుశ్రూషను కోరాయి. ఆ మాటకు విధేయత అనే అర్థం మాత్రమే చెప్పడం వల్ల, పెంపకం అధికారప్రదర్శనగా మారడానికి సంప్రదాయం సాక్షిగా నిలబడింది. 12వ శాసనంలో వినడం, వినగోరడం అనే క్రియలు పక్కపక్కన ఉండటం ఆ మాటలోని ఇచ్ఛార్థం సజీవమని రుజువు చేస్తోంది. ఆ ఇచ్ఛను పుట్టించే బాధ్యతను అశోకుడు అధికారం గలవారిపైనే పెట్టాడు. కోపం, తొందర మానడం, నచ్చజెప్పడం, చెప్పినదాన్ని మాధుర్యంతో మళ్ళీ చెప్పడం, వ్యవహారంలోనూ దండంలోనూ సమత పాటించడం ఆ బాధ్యతలోని భాగాలు. పసిబిడ్డ పెంపకంలో నేడు మృదుత్వం, నిలకడ అని మనం పిలుస్తున్నవి పరాయి ఆదర్శాలు కావనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం తెలుగునేలపై దొరకడం కష్టం.

శుశ్రూష, శిక్ష అనే రెండు మాటల్లోనూ జారిపోయిన కోరికను తిరిగి గుర్తించడం నిఘంటువులో జరగవలసిన పని మాత్రమే కాదు. మొండి అనే చోట పట్టు అనడం, శిక్ష అనే చోట నేర్పడం అనడం ఇళ్ళలో, అంగన్‌వాడీల్లో, ఉపాధ్యాయ శిక్షణాలయాల్లో జరగవలసిన పని. మంచి చేయడం కష్టమని, దానిని మొదలుపెట్టేవాడు కష్టమైన పనికే పూనుకుంటున్నాడని ఐదో శాసనం హెచ్చరించింది. పట్టుబట్టిన బిడ్డ ముందు, అలసిన సాయంత్రం వేళ, గొంతు పెంచకుండా అదే మాటను మరోసారి చెప్పే తల్లికి, తండ్రికి, అవ్వకు ఆ మాట పూర్తిగా వర్తిస్తుంది.